డిస్కులో దాగిన రెండో పొర

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌కు ముప్పై ఏళ్లు నిండినప్పుడు, 2003లో, దాన్ని ఒక కొత్తరకం డిస్కు మీద మళ్లీ తెచ్చారు. చూడ్డానికి అది మామూలు సీడీయే. డ్రైవులో పెడితే కంప్యూటరూ అలాగే అనుకుంటుంది. పాటల జాబితా చూపిస్తుంది, కాపీ చేయమంటే కాసేపట్లో చేసి పెడుతుంది. కానీ ఆ డిస్కు మీద అదే ఆల్బమ్ మూడుసార్లు ఉంది. కంప్యూటర్‌కు కనిపించింది అందులో ఒక్కటే. మిగిలిన రెండింటిలో ఒకటి సీడీకి నాలుగింతల సమాచారం ఉన్న స్టీరియో. ఇంకొకటి ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ పంచుతూ సౌండ్ ఇంజనీరు జేమ్స్ గత్రీ కొత్తగా చేసిన 5.1 మిక్స్. కంప్యూటర్ లెక్కలో ఈ రెండూ లేనే లేవు.

ఈ డిస్కు పేరు సూపర్ ఆడియో సీడీ. వినేవాళ్లు ఎస్‌ఏసీడీ అంటారు. సీడీని ప్రపంచానికిచ్చిన సోనీ, ఫిలిప్స్ కంపెనీలే 1999లో దీన్నీ తెచ్చాయి. మరుసటి ఏడాది దీనికి పోటీగా డీవీడీ ఆడియో వచ్చింది, ఆ తర్వాత సంగీతం బ్లూరే డిస్కుల మీదికీ ఎక్కింది. మూడింటిలో కంప్యూటర్‌లోకి రానని ఎక్కువగా మొండికేసింది ఎస్‌ఏసీడీయే. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. ఆ మొండితనం వెనక చక్కటి భౌతికశాస్త్రం ఉంది.

ముందు సీడీ సంగతి చూద్దాం. అది 1.2 మిల్లీమీటర్ల మందమున్న పాలికార్బొనేట్ ప్లాస్టిక్ బిళ్ల. సంగీతం అడుగు వైపు, అంటే మెరుస్తూ కనిపించే వైపు, ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉండేది పైన, పేరు అచ్చువేసిన వైపు. లేజర్ కిరణం ఆ మందమంతా దాటి వెళ్లి, పలచని లోహపు పూత కింద వరుసగా ఉన్న గుంటలను చదువుతుంది. ఆ పూతకు బయటి నుంచి రక్షణ కొద్ది మైక్రాన్ల వార్నిషు, దాని మీద సిరా, అంతే. అందుకే అడుగు వైపు గీత పడితే మెరుగుపెట్టి బాగు చేసుకోవచ్చు గానీ, పేరున్న వైపు లోతుగా గీరుకుంటే ఆ పాట పోయినట్టే. గుంటల వరుసల మధ్య ఎడం 1.6 మైక్రాన్లు. అన్నిటికంటే చిన్న గుంట పొడవు 0.83 మైక్రాన్లు. చదివేది 780 నానోమీటర్ల పరారుణ లేజర్.

ఎస్‌ఏసీడీ రూపకర్తలు ఈ ఏర్పాటును కదిలించలేదు. బిళ్ల మందంలో సరిగ్గా సగం దగ్గర, 0.6 మిల్లీమీటర్ల లోతున, ఇంకొక పొర పరిచారు. అందులో వరుసల ఎడం 0.74 మైక్రాన్లు, చిన్న గుంట 0.4 మైక్రాన్లు. ఇవి డీవీడీ కొలతలే. కిటుకంతా ఆ పొర మీది పూతలో ఉంది. 650 నానోమీటర్ల ఎర్రటి కాంతిని అది వెనక్కి తిప్పుతుంది, 780 నానోమీటర్ల పరారుణ కాంతిని మాత్రం దాటిపోనిస్తుంది. అంచేత 1982లో కొన్న సీడీ ప్లేయర్‌కు కూడా ఆ నడిమి పొర అడ్డు కాదు. దాని కిరణం నేరుగా వెనకున్న సీడీ పొరకు చేరి, ఎప్పటిలాగే పాడిస్తుంది. ఎస్‌ఏసీడీ ప్లేయర్‌లోని ఎర్ర లేజర్ నడిమి పొర దగ్గరే ఆగి దాన్ని చదువుతుంది. ఒకే బిళ్ల, రెండు రంగుల కాంతికి రెండు వేర్వేరు పుస్తకాలు. ఇలాంటి డిస్కును హైబ్రిడ్ అంటారు. సీడీ పొర లేని ఒంటిపొర ఎస్‌ఏసీడీలు కూడా ఉన్నాయి.

అయితే కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవుకు కూడా 650 నానోమీటర్ల లేజర్ ఉంటుంది కదా, అది ఎందుకు చదవలేదని అడగవచ్చు. కాంతి సరిపోయింది గానీ తాళంచెవి దాని దగ్గర లేదు. నడిమి పొరలోని సమాచారమంతా సంకేతలిపిలో ఉంటుంది. దాన్ని విప్పడానికి కావలసిన 80 బిట్ల తాళంచెవిని మామూలు సమాచారంతో కలిపి రాయలేదు. గుంటల వెడల్పుల్లో సూక్ష్మమైన హెచ్చుతగ్గులుగా, డిస్కు అచ్చులోనే దాచారు. గుంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మాత్రమే చూసే డీవీడీ డ్రైవుకు వెడల్పుల్లోని ఆ తేడా పట్టదు. ప్రత్యేకమైన చిప్పు ఉన్న ప్లేయర్‌కే పడుతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకో ఆ కాలాన్ని చూస్తే తెలుస్తుంది. 1999 అక్టోబరులో డీవీడీ సినిమాల తాళాన్ని విప్పే డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దానితో పేరు ముడిపడిన జాన్ లెక్ యోహాన్సన్ అప్పటికి నార్వేలో పదిహేనేళ్ల కుర్రాడు. ఆ దెబ్బకు డీవీడీ ఆడియో విడుదల వాయిదా పడింది, కొత్త తాళం వేసుకుని 2000లో గానీ రాలేదు. ఎస్‌ఏసీడీ తాళం మాత్రం పన్నెండేళ్లు నిలిచింది. చివరికి దారి దొరికింది సోనీ సొంత ఇంట్లోనే. 2006లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 3 ఆటల పెట్టెలు ఎస్‌ఏసీడీని పాడించేవి. తరువాతి మోడళ్లలో ఆ సదుపాయం తీసేశారు. పాత సాఫ్ట్‌వేర్‌తో మిగిలిపోయిన ఆ తొలి పెట్టెల ద్వారా డిస్కులోని సమాచారాన్ని యథాతథంగా బయటికి తీయడం 2011లో సాధ్యమైంది. కొన్నేళ్లకు ఒక రకం చిప్పు వాడిన బ్లూరే ప్లేయర్లతో కూడా అదే పని ఇంటి నెట్‌వర్క్ మీదుగా చేయవచ్చని తేలింది.

చట్టం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఒక్కో దేశంలో ఒక్కో తీరు. మన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసమైతే ఆ సెక్షన్ అడ్డు కాదని కూడా అందులోనే ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1998 నాటి అక్కడి చట్టం తాళం విప్పడాన్నే తప్పుగా చూస్తుంది, సొంతానికా పంచడానికా అన్నది తరువాతి మాట. బ్రిటన్ 2014లో సొంత కాపీకి అనుమతి ఇచ్చింది, మరుసటి ఏడాదే అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. డబ్బు పెట్టి కొన్న సంగీతాన్ని ఇంట్లో తనకు నచ్చిన యంత్రం మీద వినే హక్కు కొన్నవాడికి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఫైలును పదిమందికి పంచే హక్కు ఉండకూడదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను.

ఇంతకీ బయటికొచ్చే సమాచారం ఎలా ఉంటుంది? సీడీలో ధ్వని తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాస్తారు. ఈ 44,100 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ రోజుల్లో డిజిటల్ ధ్వనిని దాచడానికి వీడియో టేపులే దిక్కు. టీవీ బొమ్మలోని ఒక్కో గీతలో 3 కొలతలు, ఒక ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడండి, సరిపోతుంది.

ఎస్‌ఏసీడీ పద్ధతి పూర్తిగా వేరు. దాని పేరు డీఎస్‌డీ. ఎత్తు ఎంతో అది రాయదు. తరంగం ఇంతవరకు రాసినదాని కంటే పైన ఉందా, కింద ఉందా అన్న ఒక్క ప్రశ్నకు సెకనుకు 28,22,400 సార్లు 1 అనో 0 అనో జవాబు రాస్తూ పోతుంది. తరంగం ఎత్తుగా ఉన్నచోట ఒకట్లు ఒత్తుగా పడతాయి, లోతుగా ఉన్నచోట సున్నాలు ఒత్తుగా పడతాయి. ఒక్క బిట్‌తో ఇంత మోటుగా రాస్తే రొద విపరీతంగా పుట్టాలి, పుడుతుంది కూడా. కాకపోతే ఆ రొదను, హాలు ఊడ్చి చెత్తను పెరట్లోకి నెట్టినట్టు, చెవికి అందే హద్దు దాటించి 20 కిలోహెర్ట్జ్ పైకి తోసేస్తారు. హాలు తళతళలాడుతుంది, చెత్త మాత్రం పెరట్లో ఉంటుంది. ఒక్క బిట్ పద్ధతిలోని లోపాలు ఎప్పటికీ పూర్తిగా పోవని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ లిప్షిట్జ్, జాన్ వాండర్‌కూయ్ 2001లోనే వాదించారు.

పరిమాణం లెక్క వేద్దాం. రెండు చానళ్ల డీఎస్‌డీకి సెకనుకు 7,05,600 బైట్లు కావాలి. 74 నిమిషాల స్టీరియోకు దాదాపు 3.1 గిగాబైట్లు. ఆరు చానళ్లకు 9.4. రెండూ కలిపితే పన్నెండున్నర గిగాబైట్లు, పొర పట్టేది మాత్రం 4.7. మిగతాది ఎలా ఇమిడింది? ప్రతి బిట్‌నూ దాని ముందున్న బిట్లను బట్టి ఊహించి, ఊహ తప్పిన చోట్లను మాత్రమే రాసుకునే కుదింపు వల్ల. తిరిగి విప్పితే ఒక్క బిట్ తేడా లేకుండా అసలుది వస్తుంది. డీవీడీ ఆడియోలో మెరిడియన్ కంపెనీ రూపొందించిన కుదింపుదీ ఇదే సూత్రం, అదే తరువాత బ్లూరేలోని డాల్బీ ట్రూహెచ్‌డీకి పునాది అయింది. ఇళ్లలో చాలామంది వాడే ఫ్లాక్ అనే ఫైలు రూపం కూడా ఇంతే. 2001లో జోష్ కోల్సన్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు.

కాపీ చేతికొచ్చాక డీఎస్‌డీని అలాగే ఉంచుకోవాలా, ఫ్లాక్‌లోకి మార్చుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. ఉంచుకోండి, మార్చుకోండి కూడా. అసలు ఫైలు బీరువాలోకి, మార్చినది వాడకానికి. ఎందుకంటే ఒక్క బిట్ ధ్వనితో రోజువారీ పనులు జరగవు. శబ్దం తగ్గించాలన్నా, గదికి తగ్గట్టు స్వరాన్ని సరిదిద్దాలన్నా అంకెలను గుణించాలి. ఒకటీ సున్నాలను గుణిస్తే అవి ఇక ఒక్క బిట్‌గా ఉండవు. మార్చేటప్పుడు 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఎంచుకోండి. 28,22,400ను 32తోనో 16తోనో భాగిస్తే ఇవి చక్కగా వస్తాయి. 96, 192 అంత సాఫీగా రావు. 20 కిలోహెర్ట్జ్ పైనున్న రొదను వడకట్టే ఏర్పాటు మార్చే ప్రోగ్రాంలో ఉండాలి, లేకపోతే స్పీకర్‌లో హెచ్చు స్వరాలు పలికే ట్వీటర్‌కు పనికిమాలిన శ్రమ.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటి ఉంది. ఎస్‌ఏసీడీలో సున్నా డెసిబెల్ అని గుర్తుపెట్టిన మట్టం, మార్చాక మామూలు డిజిటల్ గరిష్ఠానికి 6 డెసిబెల్స్ కింద పడుతుంది. పాట మెత్తగా వినిపిస్తోందని చాలా ప్రోగ్రాములు 6 డెసిబెల్స్ పెంచే సదుపాయం ఇస్తాయి. కానీ ఆ సున్నాను దాటి 3.1 డెసిబెల్స్ దాకా పోవడానికి ఎస్‌ఏసీడీ నియమాలు ఒప్పుకుంటాయి. అలాంటి డిస్కును గుడ్డిగా 6 పెంచితే మృదంగం మొన, డ్రమ్ము దెబ్బ పైన తెగిపోతాయి. ముందు ఆల్బమ్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద శిఖరం ఎక్కడుందో ప్రోగ్రాం చేత కొలిపించి, అది అనుమతించినంతే పెంచాలి. అదీ ఆల్బమ్ అంతటికీ ఒకే కొలతన. పాటకో కొలత వద్దు.

ఇంత శ్రమకు తగిన తేడా చెవికి తెలుస్తుందా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. మనిషి చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్, అదీ చిన్న వయసులో. వయసుతో అది దిగుతుంది. నైక్విస్ట్, షానన్ సూత్రం ప్రకారం అంతవరకు పట్టుకోవడానికి సెకనుకు 40,000 కొలతలు దాటితే చాలు, సీడీలో 44,100 ఉన్నాయి. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్ ఎడం ఇస్తుంది కాబట్టి 16 బిట్లకు 96. ప్రశాంతమైన గదిలో కూడా 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. దాని మీద 96 కలిపితే చెవి నొప్పిపెట్టే చోటికి చేరతాం.

బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ 2007లో ప్రచురించిన పరీక్ష సూటిగా ఉంటుంది. ఎస్‌ఏసీడీ, డీవీడీ ఆడియో పాడుతుండగా దారి మధ్యలో సీడీ స్థాయికి కుదించే పరికరాన్ని పెట్టారు. అది ఉందో లేదో వినేవాళ్లు కనిపెట్టాలి. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు. బొమ్మాబొరుసూ వేసినా అన్నే వచ్చేవి. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలోని జాషువా రైస్ 18 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే 52.3 శాతం సరైనవి తేలాయి. తేడా ఉంది, చాలా చిన్నది. శిక్షణ ఇచ్చి పరీక్షించిన చోట కొంచెం ఎక్కువ.

మరి ఎస్‌ఏసీడీలు నిజంగానే బాగుంటాయని శ్రద్ధగా వినేవాళ్లు ఎందుకంటారు? మేయర్, మోరన్ కూడా ఆ మాట ఒప్పుకున్నారు. వాళ్లు వాడిన డిస్కుల్లో చాలావరకు మామూలు సీడీల కంటే బాగున్నాయి. అంకెల వల్ల కాదు, మాస్టరింగ్ వల్ల, అంటే విడుదలకు ముందు ధ్వనికి తుదిమెరుగులు దిద్దిన తీరు వల్ల. పైన చెప్పిన 2003 డిస్కే సాక్ష్యం. అందులో సీడీ పొర మీద పెట్టిన మాస్టర్‌ను, నడిమి పొరలోని స్టీరియో కంటే ఎక్కువ అణచి బిగ్గరగా చేశారని ‘స్టీరియోఫైల్’ పత్రిక ఆ ఏడాదే కొలిచి చూపింది. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఉన్న ఎడాన్ని నొక్కేశారు. అంటే ఒకే డిస్కు మీద రెండు పొరల్లో ఉన్నది ఒకే ధ్వని కాదు. రెంటినీ పోల్చి ‘చూశారా, హై రిజల్యూషన్ మహిమ’ అంటే అది తప్పు. మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్కులో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఇంకా చిత్రమైన కథ. ఒక రోజు అసలు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపు పాటలన్నీ దశాబ్దాల పాటు శ్రుతి కొద్దిగా హెచ్చి వినిపించాయి. రక్షణ కోసం పక్కన తీసిపెట్టిన ఇంకో టేపు నుంచి 1990లలో సరిదిద్దారు. శ్రుతి తప్పిన మాస్టర్‌ను 24 బిట్లలో విన్నా శ్రుతి తప్పే ఉంటుంది.

కాబట్టి ఎస్‌ఏసీడీని కాపీ చేసుకోవడంలో నాకు కనిపించే లాభం మూడు చోట్ల ఉంది. నడిమి పొరలోని మంచి మాస్టర్. మరో రూపంలో దొరకని 5.1 మిక్స్. యంత్రాలు కనుమరుగయ్యాక కూడా వినగలగడం. మూడోది ఊహ కాదు. ఈ డిస్కులను బాగా పాడించే ప్లేయర్లకు పేరుపడ్డ ఒప్పో కంపెనీ 2018లో తయారీ ఆపేసింది.

మన ఇళ్లలో ఎస్‌ఏసీడీలు తక్కువ. అన్నమయ్య, త్యాగరాజ కీర్తనల సీడీలు, పాత సినిమా పాటల సీడీలు పెట్టెల కొద్దీ ఉన్నాయి. కాపీ పని వీటిలోనే ఎక్కువ నిదానం కోరుతుంది. ఎస్‌ఏసీడీలో సమాచారం కంప్యూటర్ ఫైలులా గట్టి దోషసవరణతో ఉంటుంది. సరిగ్గా వస్తుంది, లేదా తప్పు జరిగిందని చెబుతుంది. సీడీ అలా కాదు. సుమారు 2.5 మిల్లీమీటర్ల గీత వరకు పూర్తిగా సరిచేయగలదు. అది దాటితే అటూ ఇటూ ఉన్న కొలతలను చూసి మధ్యది ఊహించి పూడ్చేస్తుంది. చెవికి తెలియదు, కాపీలో మాత్రం ఊహే నిజమై కూర్చుంటుంది. అందుకే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రాములు అనుమానమున్న చోటును మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటాయి. అదే డిస్కును కాపీ చేసుకున్న ఇతరుల ఫలితాలతో సరిచూసే యాక్యురేట్‌రిప్ అనే ఏర్పాటు కూడా ఉంది. వేరే ఊళ్లో, వేరే డ్రైవులో తీసిన కాపీతో మీది అంకె అంకెకూ సరిపోయిందంటే ఇక శంక లేదు. ఫ్లాక్ ఫైలు తన తలభాగంలో అసలు ధ్వనికి ఒక వేలిముద్ర రాసుకుంటుంది. పదేళ్ల తరువాత కూడా ఫైలు చెడిందో లేదో ఆ ఒక్క పరీక్షతో తేల్చుకోవచ్చు.

డిస్కు చిరకాలం ఉంటుందన్న భరోసా వద్దు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో 1988 నుంచి 1993 దాకా అచ్చైన కొన్ని సీడీలు అంచుల నుంచి కంచు రంగుకు తిరిగి చచ్చిపోయాయి. లోపలి కాగితాల్లోని గంధకాన్ని వాటి వార్నిషు తట్టుకోలేకపోయింది. పేరున్న పెద్ద ఫ్యాక్టరీ సరుకు సంగతే అది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఖరీదైన డిస్కులతో వద్దంటాను. ఇంట్లో రాసిన సీడీఆర్‌లతో మొదలుపెట్టండి. వాటిలో అచ్చుపోసిన గుంటలు ఉండవు, రంగు పొర మీద లేజర్ పెట్టిన గుర్తులు ఉంటాయి. వేడికీ వెలుతురుకూ ఆ రంగు వెలిసిపోతుంది. ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మళ్లీ కొనుక్కోవచ్చు. తాతగారు పాడిన పద్యాలు రాసిపెట్టిన సీడీఆర్ ఏ దుకాణంలోనూ దొరకదు. ఈ ఆదివారమే దాన్ని కాపీ చేసి, రెండు వేర్వేరు హార్డు డిస్కుల్లో పెట్టి, ఒకదాన్ని వేరే ఇంట్లో ఉంచండి.